పదకొండో రౌండు కుర్రాడు

విన్నిపెగ్,
జూన్ 10, 1983

ప్రియమైన చెల్లి స్టెఫాకి,

ముందు నీ ఆరోగ్యం, మరిది ఆరోగ్యం అడగాలి. అడిగాననుకో. ఇప్పుడు నా గోడు విను.

మన జట్టు వాళ్ళకి మతి పోయింది. మొన్న డ్రాఫ్ట్ అయింది. దేశంలో కుర్రాళ్ళందర్నీ ఐస్ హాకీ జట్లు వంతులవారీగా పంచుకునే ఈ తంతు కోసం నేను ఏడాదంతా కాచుకుని కూర్చుంటానని నీకు తెలుసుగా. ఫ్యాక్టరీలో చలికోట్లకి జిప్పులు కుడుతున్నానన్న మాటే గానీ, చెవులు రెండూ రేడియోకే అప్పగించాను. మొదటి రౌండ్లో గోడలాంటి వాణ్ణి తీసుకున్నారు. బాగుంది. రెండో రౌండు, మూడో రౌండు, పర్వాలేదు. పదకొండో రౌండుకొచ్చేసరికి ఏం చేశారో తెలుసా? అయిదడుగుల ఆరంగుళాల వాణ్ణి తీసుకున్నారే! పైగా ఫార్వర్డట! ఎదుటి జట్టు రాక్షసుల మధ్యలో దూరి గోల్ కొట్టాల్సినవాడు! గోల్ సంగతి దేవుడెరుగు, రింక్ చుట్టూ ఉన్న చెక్క గోడ మీంచి వాడికి మంచు కనిపిస్తుందా అని నా అనుమానం.

రింక్‌లో మా వరసలో నా పక్క సీటు గున్నార్ గుర్తున్నాడుగా, సిటీ బస్సు నడిపే ఐస్‌లాండ్ వాళ్ళ మనిషి, నోటికంటే మీసం పెద్దది. పేపరు చదివి ఏమన్నాడో తెలుసా? "వీణ్ణి ఎవరైనా జేబులో పెట్టుకొస్తే టిక్కెట్టు అడుగుతారంటావా దార్కా?" అన్నాడు. కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. పదమూడేళ్ళ నుంచి గొంతు చించుకుని అరుస్తున్నానే, నాకోసమైనా ఒక పొడుగువాణ్ణి తీసుకోకూడదూ?

అసలు విషయం ఇప్పుడు చెబుతున్నా. వాడు మీ కలీనా జట్టువాడేనట! పేరు రెమీ డెజార్లే. మీ ఊరి రింక్‌లో నువ్వు చూసే ఉంటావు. నిజంగా అంత మరుగుజ్జేనా? స్కేట్లు వేయించి కొలిచి రాస్తారని గున్నార్ అంటున్నాడు. అదే నిజమైతే వాడు ఇంకా పొట్టి అన్నమాట. ఉన్నదున్నట్టు రాయి, మా వరసంతా నీ జవాబు కోసం చూస్తోంది.

ఫోన్ మాత్రం చెయ్యకు. మీ లైన్ నాలుగిళ్ళకీ ఒకటే, అందరూ చెవి పెడతారు. మొన్న నా మోకాలి నొప్పి గురించి నీతో చెబుతుంటే మీ కోచ్ పెళ్ళాం మధ్యలో దూరి ఆవపిండి పట్టు వెయ్యమంది!

ఇట్లు,
అరిచి అరిచి గొంతు పోయిన మీ అక్క,
దార్కా


కలీనా,
జూన్ 19

అక్కా,

నీకో దణ్ణం. నీ నోటికి ఇంకో దణ్ణం.

నీ ఉత్తరం వస్తే సాయంత్రం భోజనాల బల్ల దగ్గర నేను పైకి చదవాలి. అది మా ఇంటి ఆనవాయితీ. మీ మరిది ఒరెస్ట్ దానికో చట్టం కూడా పెట్టాడు, మొదలుపెట్టిన ఉత్తరం మధ్యలో ఆపకూడదని. మొన్న కూడా అలాగే మొదలుపెట్టాను. "అయిదడుగుల ఆరంగుళాల వాణ్ణి" దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. ఎందుకంటే ఆ అయిదడుగుల ఆరంగుళాల వాడు నా ఎదురుగా కూర్చుని నేను వండిన పిరోహీ కుడుములు తింటున్నాడు!

అవునే అక్కా. నీకు "మా వాడు" "మా వాడు" అని రాస్తుంటానే, వాడే. దూరం ఊళ్ళ నుంచి ఆడటానికి వచ్చిన కుర్రాళ్ళని మేం ఇంట్లో పెట్టుకుంటాంగా. ఇంతకు ముందు ఉన్న ఇంట్లో కవలలు పుట్టారని జనవరిలో వీణ్ణి మా ఇంటికి మార్చారు. పేరు ఎప్పుడూ రాయలేదు కాబోలు. రెమీనే. నేను ఆపేస్తే మీ మరిది ఊరుకున్నాడా? "చట్టం చట్టమే" అన్నాడు. రెమీ కూడా "చదువు పిన్నీ, బాగుంది" అన్నాడు. మరుగుజ్జు దాకా చదివించారు ఇద్దరూ కలిసి. జేబులో పెట్టుకొచ్చే మాట దగ్గర వాడికి పొలమారింది, వీపు మీద చరచాల్సి వచ్చింది.

అంతా అయ్యాక ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. మంచం పైన గోడకి మేకు కొట్టి తగిలించుకున్నాడు. "రోజూ లేవగానే పెద్దమ్మ మొహం చూసినట్టుంటుంది" అంటాడు. నేను పిన్నిని కదా, అందుకని నువ్వు పెద్దమ్మవట. చూశావా, నువ్వు తిట్టినవాడు నీకు వరస కలిపాడు.

వాళ్ళ ఊరు ఉత్తరాన ఎక్కడో రైలు ఆఖరి స్టేషన్ దాటాక ఉంది. తండ్రి రైలు పట్టాలు బాగుచేసే పనిలో ఉన్నాడు. తల్లి లేదు. వేసవంతా ఇక్కడే ఉండి, మీ మరిదితో ధాన్యం గోదాంలో పని చేస్తూ ఒళ్ళు గట్టి చేసుకుంటానన్నాడు. సెప్టెంబర్లో మీ ఊళ్ళో జట్టు ఎంపిక శిబిరం. అక్కడ నెగ్గితే సరే, లేకపోతే పదకొండో రౌండువాడికి ఇంకో పిలుపు రాదు. వాడికీ తెలుసు ఆ సంగతి.

మొన్నామధ్య ఏమైందో చెబితే నవ్వుతావు. సాయంత్రం పరుగు ప్రాక్టీసు అయ్యాక తిన్నగా పక్కనున్న కోవల్ వాళ్ళింట్లో దూరి, బల్ల దగ్గర కూర్చుని, "పిన్నీ, ఆకలి" అన్నాడట! కోవల్ ముసలావిడ మారు మాట్లాడకుండా సూప్ పోసిందట. సగం తాగాక గోడ మీద పటం చూసి "ఇది మనిల్లు కాదు కదా" అన్నాడట. వీధంతా వారం రోజులు నవ్వుకుంది. అలసిపోయి ఉంటాడు పాపం.

ఉంటాను. ఈసారి ఉత్తరం రాసేప్పుడు బల్ల చుట్టూ ఎవరున్నారో గుర్తు పెట్టుకుని రాయి.

నీ చెల్లి,
స్టెఫా


విన్నిపెగ్,
జూలై 3

బంగారు తల్లీ స్టెఫా,

ఈ ఉత్తరం బల్ల దగ్గరే చదువు. రెమీ బాబూ, నువ్వున్నావా? ఉంటే విను. పెద్దమ్మ నోరు మంచిది కాదు, మనసు మాత్రం మంచిదేనని మీ పిన్ని చెబుతుంది. చెప్పవే స్టెఫా! అయినా నేనన్నదాంట్లో తప్పేముంది? పొట్టివాణ్ణి పొట్టివాడనక ఇంకేమంటారు? నువ్వు గోల్ కొట్టు, నేను నిన్ను ఆరడుగులవాడివని పిలుస్తాను. బేరం ఓకేనా?

కోవల్ వాళ్ళ ఇంట్లో సూప్ కథ మా వరసకి చెప్పాను. జూన్‌లో హాకీ లేకపోయినా ఆదివారం కాఫీకి అందరం కలుస్తాంగా. గున్నార్ అయితే కాఫీ ముక్కులోంచి వచ్చేలా నవ్వాడు. "గోల్ కొట్టినా కొట్టకపోయినా, భోజనం ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాడు" అన్నాడు. చూశావా, మనుషులకి వాడి మీద దయ మొదలైంది. గున్నార్ ఇంకో మాట కూడా అన్నాడు. ఆ పొట్టివాడు శిబిరంలో కొందర్ని ఇంటికి పంపేసే మొదటి కోత దాటితే తన మీసం తీయించేస్తాడట! ఇరవై ఏళ్ళ మీసం! రెమీ బాబూ, ఆ మీసం నువ్వు తీయించి తీరాలి.

స్టెఫా, ఇక్కడి నుంచి నీకు. ఇది పైకి చదవకు. ఏప్రిల్‌లో ఆఖరి పోటీల్లో మీ వాణ్ణి ఒక దున్నపోతు వెనక నుంచి గుద్ది గోడకేసి కొట్టాడనీ, కాసేపు లేవలేదనీ గున్నార్ ఎక్కడో విన్నాడు. నిజమేనా? లేచి మళ్ళీ ఆడాడట కదా. మా వాళ్ళు దాన్ని మెచ్చుకుంటున్నారు. నాకేమో ఎందుకో అడగాలనిపించింది.

వెంటనే రాయి.

నీ అక్క,
దార్కా


కలీనా,
ఆగస్టు 14

అక్కకి,

ఆలస్యమైంది, ఏమనుకోకు. పొలాల్లో కోతలు మొదలయ్యాయి. మీ మరిది గోదాం నుంచి ఎప్పుడొస్తాడో తెలీదు, లారీలు వరసగా నిలబడి ఉంటున్నాయి.

రెమీ బాగానే ఉన్నాడు. బస్తాలు మోస్తున్నాడు. మధ్యలో రెండు రోజులు పనికి వెళ్ళలేదు. ఎండ పడలేదన్నాడు. గదికి కిటికీ ఉందిగా, తూర్పు వైపుది, దానికి ముదురు రంగు దుప్పటి మేకులు కొట్టి కట్టుకున్నాడు. మీ మరిది, "ఏరా, గబ్బిలంలా ఉంటున్నావు?" అని వేళాకోళం చేశాడు. వాడు నవ్వలేదు.

నువ్వు అడిగింది చదివాను. అక్కా, మా ఇంట్లో ఇన్నేళ్ళలో అయిదుగురు కుర్రాళ్ళు ఉండి వెళ్ళారు. ఎవడు దొంగచాటుగా సిగరెట్ కాల్చాడో, ఎవడు తల్లి గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాడో నాకే తెలుసు. ఒక్క మాట రింక్ దాకా మోయలేదు. బస ఇచ్చే ఇళ్ళన్నిటికీ అదే పద్ధతి. వంటింట్లో చూసింది వంటింట్లోనే ఉండాలి. లేకపోతే ఏ పిల్లాడూ మన ఇంట్లో కడుపు నిండా తినడు, కంటి నిండా నిద్రపోడు. అందుకని ఏప్రిల్ సంగతి నన్ను అడక్కు.

ఈ ఉత్తరం మీ వరసలో వాళ్ళకి చదివి వినిపించకు. సూప్ కథ కూడా ఇంక ఎవరికీ చెప్పకు.

సెప్టెంబర్లో వాడు అక్కడికి వచ్చాక ఒకసారి ఇంటికి పిలిచి అన్నం పెట్టు. ఎలా ఉన్నాడో రాయి. ఎలా ఆడాడో కాదే, ఎలా ఉన్నాడో.

స్టెఫా


విన్నిపెగ్,
సెప్టెంబర్ 18

ఓసేయ్ స్టెఫా!

గున్నార్ మీసం ఎగిరిపోయింది!

మొహం చూస్తే గుర్తుపట్టలేకపోయాం. వాడి బస్సు ఎక్కేవాళ్ళు కొత్త డ్రైవరు వచ్చాడనుకుంటున్నారట! నీ రెమీ మొదటి కోత దాటాడే! రెండో కోత కూడా! అరవై మందితో మొదలైన శిబిరంలో ఇప్పుడు ముప్ఫై మందే మిగిలారు, అందులో మన పొట్టివాడొకడు!

కొత్తవాళ్ళ ఆటకి జనాన్ని రానిచ్చారు. మా వరస వరసంతా వెళ్ళాం. ఏం చెప్పను చెల్లీ. ఆ పెద్ద పెద్ద శరీరాలు ఒకదానికొకటి తగులుకుని నిలబడిపోయిన చోట వీడు సందులోంచి జారిపోతాడు. పక్ బిళ్ళ వాడి కర్రకి అతుక్కుపోయి ఉంటుంది. రెండు గోల్స్ కొట్టాడు. రెండోదానికి నేను పక్కావిడ భుజం కరిచానట. నాకు గుర్తులేదు. "ఆరడుగులోడా!" అని అరిచాను. బేరం బేరమే కదా. వాడు తలెత్తి మా వైపు చూసి కర్ర ఊపాడు. పదమూడేళ్ళలో నన్ను చూసి కర్ర ఊపిన మొదటి ఆటగాడు వీడే.

మా వరసవాళ్ళు ఇప్పుడు వాడి గురించి మాట వస్తే కొట్లాటకి దిగుతున్నారు. కింది వరసలో ఒకడు "ఆ బుడంకాయ నిలవడు" అంటే గున్నార్ లేచి నిలబడి, "ఇంకోసారి అను చూద్దాం" అన్నాడు! జూన్‌లో ఇదే గున్నార్ ఏమన్నాడో నీకు తెలుసుగా. మనుషులకి సిగ్గుండదే!

బుధవారం వాణ్ణి భోజనానికి పిలిచాను. వచ్చాడు. మర్యాద ఎక్కువ, తిండి తక్కువ. రెండు ముద్దలు తిని చాలన్నాడు. బల్ల మీద దీపం ఆర్పమన్నాడు, కళ్ళు గుంజుతున్నాయట. శిబిరంలో పొద్దున్నే లేపుతారుగా, నిద్ర లేక అనుకున్నాను. నీళ్ళ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. పాపం, ఎంత సిగ్గుపడ్డాడో. ముక్కలన్నీ తనే ఏరాడు. వెళ్ళేప్పుడు "పెద్దమ్మా, మా పిన్ని ఉత్తరాలు రాస్తోందా?" అని అడిగాడు. "ఏం రాస్తోంది?" అని కూడా అడిగాడు. కోతల గురించి, ఏముంది అన్నాను. ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది నాకు.

వచ్చే శనివారం అసలైన పరీక్ష. ఆల్బర్టా నుంచి ఆ మోటు జట్టు వస్తోంది. లెక్కలో లేని ఆటే గానీ, దాని తర్వాత ఆఖరి కోత. దాంట్లో నెగ్గితే రెమీ మన జట్టులో ఉన్నట్టే. వాడికి నచ్చజెప్పు, ఆ దున్నలతో ముష్టియుద్ధానికి దిగొద్దని. మావాళ్ళేమో దిగాలంటారు. పొట్టివాడు ఒక్కసారైనా పెద్దవాణ్ణి కొట్టి చూపిస్తే గానీ కోచ్‌లు నమ్మరట. మేం పాత దుప్పటి మీద పెద్ద పెద్ద అక్షరాలతో "పదకొండో రౌండుకి జై" అని రంగు వేశాం. నేనే కుట్టాను అంచులు. నల్లటి దుప్పటి మీద పసుప్పచ్చ అక్షరాలు, ఎంత బాగా వచ్చిందో!

నువ్వేంటే అసలు, ఉలుకూ పలుకూ లేదు? నీ బల్ల దగ్గర అన్నం తిన్న పిల్లాడు పెద్ద రింక్‌లో ఆడుతుంటే నీకు సంతోషం లేదా?

నీ అక్క,
దార్కా


కలీనా,
సెప్టెంబర్ 22, గురువారం

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్న వచ్చింది. గ్లాసు జారిందన్న ముక్క రెండుసార్లు చదివాను. మీ మరిదికి చదివి వినిపించలేదు. పైకి చదవని ఉత్తరం మా ఇంట్లో ఇదే మొదటిది.

ఫోన్ మూడుసార్లు ఎత్తాను. మూడుసార్లూ లైన్ మీద కోచ్ వాళ్ళావిడ ఎవరితోనో జామ్ గురించి మాట్లాడుతోంది. పెట్టేశాను. ఈ కాగితం శనివారం లోపు చేరుతుందో లేదో దేవుడికే తెలియాలి. చేరాలని తపాలా ఆఫీసుకి నేనే నడిచి వెళ్తున్నాను.

నువ్వడిగిన ఏప్రిల్ సంగతి నిజం. గోడకి తల తగిలింది. కాసేపు వాడికి స్పృహ లేదు. లేచి, "ఊపిరి ఆగింది, అంతే" అని కోచ్‌కి అబద్ధం చెప్పి మళ్ళీ ఆడాడు. మర్నాడు పొద్దున్న నా సింకులో వాంతి చేసుకున్నాడు. ఇది ఏ నెల అని అడిగితే డిసెంబర్ అన్నాడు. డాక్టరు దగ్గరికి పద అన్నాను. నా మణికట్టు పట్టుకున్నాడు. "పిన్నీ, పెద్దవాడికి దెబ్బ తగిలితే దెబ్బ తగిలిందంటారు. నాకు తగిలితే, పొట్టివాడు కదా, తగలదా మరి అంటారు. ఆ మాట ఒక్కసారి పుడితే నన్ను ఎవరూ తీసుకోరు. ఎవరికీ చెప్పనని మాటివ్వు" అన్నాడు. ఏడుస్తున్నాడక్కా. ఇచ్చేశాను.

కోవల్ వాళ్ళింట్లో సూప్ తాగింది అలసిపోయి కాదు. నీకు నవ్వులాటగా రాశాను. నవ్వులాట అని నన్ను నేనే నమ్మించుకోవాలని రాశాను. ఆ తర్వాత గోదాంలో మెట్లు దిగుతూ రెండుసార్లు పడ్డాడు. తల పట్టుకుని చీకట్లో గంటలు గంటలు కూర్చుంటాడు. మీ మరిదితో చెబితే, "మాటిచ్చావు, వాడి బతుకు వాడిది" అన్నాడు. ఆయన కూడా నిద్రపోవడం లేదు.

నేను మాటిచ్చాను. నువ్వు ఇవ్వలేదు. నువ్వు చెప్పగలవు అక్కా. వెళ్ళి జట్టు వాళ్ళకి చెప్పు. వాణ్ణి శనివారం ఆడనివ్వకు. ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో నాకు భయంగా ఉంది.

చెబితే వాడు జన్మలో నా బల్ల దగ్గర కూర్చోడు. చెప్పకపోతే కూర్చోవడానికి వాడే ఉండడేమో.

స్టెఫా


విన్నిపెగ్,
సెప్టెంబర్ 27

నా చెల్లికి,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఆట శనివారం అయిపోయింది.

కంగారు పడకు. బతికే ఉన్నాడు. నా కుట్టు గదిలో పడుకున్నాడు. ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను, కూర్చుని చదువు.

శనివారం రింక్ కిటకిటలాడింది. మా దుప్పటి రెయిలింగ్‌కి కట్టాం. రెమీ మొదటి భాగంలోనే ఒక గోల్ కొట్టాడు. గున్నార్ ఏడ్చాడు, మీసం లేకపోవడంతో కన్నీళ్ళు తిన్నగా నోట్లోకి పోయాయి. రెండో భాగంలో ఆ ఆల్బర్టా దున్నల్లో ఒకడు గోడ దగ్గర వాణ్ణి భుజంతో గుద్దాడు. పెద్ద దెబ్బేం కాదే, రోజూ చూసేదే. పడ్డాడు, లేచాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడు వాడు తన వంతు అయిపోయి బెంచీ వైపు వెళ్ళాడు. ఎదుటి జట్టు బెంచీకి.

వెళ్ళి తలుపు తట్టాడు. వాళ్ళు నవ్వుతూ తలుపు తీశారు. వాడు లోపలికెళ్ళి వాళ్ళ మధ్యలో కూర్చోబోయాడు. రింక్ మొత్తం గొల్లుమంది. గున్నార్ నా డొక్కలో పొడిచి, "చూడు దార్కా, అక్కడ కూడా సూప్ అడుగుతున్నాడు!" అన్నాడు. మా వరసంతా పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వానే స్టెఫా. నోరు తెరిచి నవ్వాను. ఆ నవ్వు సగంలో ఉండగా నాకు కోవల్ ముసలావిడ ఇల్లు గుర్తొచ్చింది. కిటికీకి కట్టిన దుప్పటి గుర్తొచ్చింది. దీపం, గ్లాసు, "ఏం రాస్తోంది" అని అడగడం. సూప్ కథ ఇంకెవరికీ చెప్పకని నువ్వు రాసింది గుర్తొచ్చింది.

మెట్లు ఎలా దిగానో తెలీదు. ఎవరి కాళ్ళు తొక్కానో తెలీదు. మన బెంచీ వెనక అద్దాన్ని రెండు చేతులతో బాదాను. జట్టుకి దెబ్బలు చూసే ముసలాయనకి నా మొహం తెలుసు, పదమూడేళ్ళ నుంచి వెనక నుంచి తిడుతున్నానుగా. "ఏం తల్లీ, ఇవాళ ఎవరి వంతు?" అన్నాడు. "ఆ పిల్లాణ్ణి ఆపండి. వాడికి ఇది మొదటిసారి కాదు. ముందు కూడా ఇల్లు మర్చిపోయాడు" అని అరిచాను. ఆయన మొహంలో నవ్వు పోయింది.

ఈలోపు రెమీని మన బెంచీకి తోలుకొచ్చారు. వాడు తర్వాతి వంతుకి లేవబోతున్నాడు. ముసలాయన వాడి ముందు వంగి, "మనం ఎక్కడున్నాం బాబూ?" అని అడిగాడు. "కలీనా" అన్నాడు వాడు. "ఎవరితో ఆడుతున్నాం?" వాడు ఎదుటి బెంచీ వైపు చూసి వెతుక్కున్నాడు. ఆయన ఇంకేం మాట్లాడకుండా వాడి హెల్మెట్ తీసి తన కోటు కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. హెల్మెట్ లేనివాడు మంచు మీదికి పోలేడుగా. కోచ్ అరిచాడు, వాడు ఆడాలని. ముసలాయన కదల్లేదు. రెమీ తల తిప్పి అద్దంలోంచి నన్ను చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆస్పత్రిలో ఫోటోలు తీశారు. పాత దెబ్బ మానకుండానే దాని మీద ఇంకోటి పడిందట. లోపల వాచింది. ఇంకో గట్టి దెబ్బ పడి ఉంటే శవాల బల్ల మీదికే తెచ్చేవాళ్ళమని, చిన్న వయసు డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఈ ఏడు ఆట మాట ఎత్తొద్దు. ఆ తర్వాత సంగతి ఎవరూ చెప్పలేరు. జట్టువాళ్ళు ఖర్చులు చూసుకుంటామన్నారు, శిబిరం నుంచి పేరు తీసేశారు. తండ్రికి కబురు వెళ్ళింది, రైలు దొరకగానే వస్తాడు.

ఆదివారమంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సోమవారం పొద్దున్న ఇటు తిరక్కుండానే అడిగాడు, "పిన్ని చెప్పిందా?" అని. "మీ పిన్ని ఒక్క ముక్క చెప్పలేదు. నువ్వు వేరే బెంచీకి పోతే నేను నా కళ్ళతో చూశాను" అన్నాను. నిజమే కదా, అప్పటికి నీ ఉత్తరం రాలేదు. "పిన్ని చెప్పదు. నాకు తెలుసు" అన్నాడు. ఆ తర్వాతే ఇటు తిరిగి పడుకున్నాడు. నాలుగు చెంచాల సూప్ తాగాడు. పది నిమిషాల తర్వాత తపాలా మనిషి నీ ఉత్తరం తెచ్చాడు!

అందుకని దాన్ని ఇందులోనే పెట్టి నీకు తిప్పి పంపుతున్నాను. నాది కరెంటు పొయ్యి. నువ్వు కట్టెల పొయ్యిలో వేసెయ్. వాడికి నీ మీద ఉన్న నమ్మకం ఒక్కటే ఇప్పుడు మిగిలింది. అది పోనివ్వకు.

గున్నార్ రోజూ బస్సు దిగి వచ్చి గుమ్మంలో నిలబడతాడు. లోపలికి రమ్మంటే రాడు, "నేను నవ్వాను దార్కా" అంటాడు. "నేనూ నవ్వాను, లోపలికి రా" అన్నాను. నిన్న ఆ దుప్పటి తెచ్చాడు. కుట్టు గదికి పెద్ద కిటికీ ఉందిగా, వాడికి వెలుతురు పడటం లేదు. నల్లటి దుప్పటి కదా, అది కట్టాం. పసుప్పచ్చ అక్షరాలు బయట వీధికి కనిపిస్తున్నాయి. లోపల చీకటిగా ఉంది, వాడు నిద్రపోతున్నాడు.

నీ అక్క,
దార్కా


కలీనా,
అక్టోబర్ 1

ప్రియమైన అక్కా,

రెండు ఉత్తరాలూ చేరాయి. నీదీ, నాదీ.

నిన్న ఇక్కడి జట్టు కార్యదర్శి వచ్చాడు. రెమీ ఇంక ఆడడు కాబట్టి గది ఖాళీ అయిందిగా, ఇంకో కుర్రాణ్ణి పంపుతామన్నాడు. ఖాళీ లేదన్నాను. "ఎవరున్నారు?" అన్నాడు. "మా వాడు" అన్నాను. మీ మరిది వెనక నుంచి వచ్చి, "మేకులు కూడా పీకలేదు" అన్నాడు. కార్యదర్శికి ఏమీ అర్థం కాలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు.

అక్కా, నీది మంచి మనసే. కానీ నా ఉత్తరం నేను కాల్చలేదు. పొయ్యి తలుపు తీశాను, మళ్ళీ మూసేశాను. వాడు నన్ను మాట తప్పని మనిషి అనుకుని ప్రేమించనక్కర్లేదు. ఏప్రిల్‌లోనే తప్పి ఉంటే వాడి తల ఇవాళ ఇలా ఉండేది కాదు. నేను మాట తప్పింది తప్పు కాదే, ఆలస్యంగా తప్పడమే తప్పు. అది వాడికి తెలియాలి. రేపు వాడికో కొడుకో కూతురో పుడితే, ఏ మాట నిలబెట్టాలో ఏది విరగ్గొట్టాలో తెలియాలి. కోపం వస్తే రానీ. అరిస్తే అరవనీ. మాట్లాడకపోతే, మాట్లాడేదాకా అక్కడే కూర్చుంటాను.

రేపు కాదు, పై ఆదివారం బస్సుకి వస్తున్నాను. పిరోహీలు తెస్తున్నాను, బంగాళాదుంపవీ, క్యాబేజీవీ. గున్నార్‌ని కూడా పిలువు, ఆ మీసం లేని మొహం నేనూ చూస్తాను. దీపం పెట్టొద్దు, కిటికీ దుప్పటి తియ్యొద్దు. గుమ్మం వైపు కూర్చుంటే నాకు చదవడానికి సరిపడా వెలుతురు వస్తుంది.

అందరూ తిన్నాక నా ఉత్తరం పైకి చదువుతాను. మా ఇంటి చట్టం వాడికి తెలుసు. మొదలుపెట్టాక మధ్యలో ఆపను.

నీ చెల్లి,
స్టెఫా